మన్రో దొర కట్టిన శిస్తు, తగ్గించిన శిస్తు

మీ ముత్తాతగారి పేరు మన్రోలప్ప అని, ఈస్టిండియా కంపెనీ కాలంలో మన సీమకు కలెక్టరుగా వచ్చిన మన్రో దొరను ఇంట్లో పెద్దవాళ్ళు దేవుడితో సమానంగా చెప్పుకునేవారని రాశారు. కాలేజీకి వచ్చాక మాత్రం కోటలు కట్టుకుని ఊళ్ళను ఏలిన పాలెగాళ్ళను అణిచింది ఆయనేనని, రైతు దగ్గర పంటలో దాదాపు సగం వసూలు చేసింది కూడా ఆయనేనని విన్నారు. వీటిలో ఏది నమ్మాలి, ఇంతకీ ఆయన ఏ ఉద్యోగంతో మొదలై ఎక్కడిదాకా వెళ్ళాడు అన్నది మీ ప్రశ్న.

నేను రాయలసీమలో ముప్పై ఏళ్ళకు పైగా రెవెన్యూ శాఖలో పనిచేశాను. గుమాస్తాగా చేరి, జమాబందీలు (ఏటేటా శిస్తు లెక్కల తనిఖీ) చూసి, కరువు మాఫీల ఫైళ్ళు రాసి రిటైరయ్యాను. అందుకే మన్రో గురించి ఏ మాట విన్నా ముందు శిస్తు ఎంత కట్టాడు, ఎంత తగ్గించాడు, ఏ సంవత్సరంలో తగ్గించాడు అని చూస్తాను. అలా చూస్తే మీ ఇంట్లో చెప్పిందీ నిజమే, కాలేజీలో చెప్పిందీ నిజమే. ఆ రెండింటి మధ్య పదమూడేళ్ళ కాలం ఉంది. ఆయన ఉద్యోగ జీవితంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఆ పదమూడేళ్ళే. అక్కడికి వస్తాను. ముందు మొదలు చెబుతాను.

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రావడంతో ఆ వ్యాపారం దెబ్బతిని కుటుంబం అప్పుల్లో పడింది. కొడుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఆ ఏడాదే హైదర్ అలీ కర్నాటిక్ మీద, అంటే ఆర్కాటు నవాబు ఏలే ప్రాంతం మీద దండెత్తాడు. కుర్రవాడు నేరుగా యుద్ధంలోకి వెళ్ళిపోయాడు.

ఇండియాకు వచ్చిన దొరలంతా దిగిన రోజు నుంచే పల్లకీలో తిరిగారని మనం అనుకుంటాం. మన్రో 1789లో చెల్లెలికి రాసిన ఉత్తరం చదివితే ఆ బొమ్మ చెదిరిపోతుంది. వచ్చాక మొదటి మూడేళ్ళూ తలకింద దిండు లేదట, ఒక పుస్తకమో తూటాల సంచో పెట్టుకుని పడుకునేవాడు. నాలుగు కర్రల మీద బిగించిన కాన్వాసు గుడ్డే మంచం. ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న పెద్ద కోటు ఒకటి ఉండేది. చలికాలంలో ఆ కోటు చేతుల్లో కాళ్ళు దూర్చి, కింది అంచును తలమీదికి లాక్కుని దుప్పటిగా వాడేవాడు. తర్వాత ఏడేళ్ళు దత్తమండలాల్లో డేరాలు వేసుకుని తిరగగలగడానికి ఆ అలవాటే కారణమని నా నమ్మకం. ఆ పేదరికంలోనే జీతం మిగిల్చి తండ్రికి డబ్బు పంపేవాడు కూడా.

పన్నెండేళ్ళు సైనికుడిగానే గడిచాయి. 1792లో టిప్పు సుల్తాన్ ఓడిపోయి బారామహల్ ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చాడు. ఇప్పటి సేలం, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతం అది. మద్రాసు సివిల్ ఉద్యోగుల్లో దేశభాషలు వచ్చినవాళ్ళు తక్కువని, వాళ్ళ చేతిలో వసూళ్ళు పెడితే దుబాసీల (దొరల మాట తర్జుమా చేసే మధ్యవర్తుల) పాలవుతాయని గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ భావించాడు. అందుకని కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ అనే సైనికాధికారికి ఆ ప్రాంతం అప్పగించి, కింద అసిస్టెంట్లుగా కొందరు సైనికుల్నే ఇచ్చాడు. వాళ్ళలో మన్రో ఒకడు. అక్కడే ఏడేళ్ళు ఉన్నాడు. జమీందారూ, వసూలును గుత్తకు పాడుకున్న గుత్తదారూ మధ్యలో లేకుండా, ఏ రైతు ఏ చేను దున్నుతున్నాడో చూసి అతని పేరుమీదే శిస్తు కట్టే పద్ధతి రీడ్, మన్రో కలిసి అక్కడ మొదలుపెట్టారు. రైతువారీ అంటే అదే. తర్వాత లోకమంతా మన్రో పేరే చెప్పుకుంది గానీ మొదటి అడుగులో రీడ్‌కు పెద్ద వాటా ఉంది.

1799లో టిప్పు రాజధాని శ్రీరంగపట్నం పడిపోయాక మన్రోను కెనరాకు (ఇప్పటి కర్ణాటక తీరానికి) పంపారు. అక్కడ ఎక్కువ కాలం లేడు. ఆ సముద్రతీరం, ఆ వానలు ఆయనకు పడలేదు. 1800 చివర్లో మన సీమకు వచ్చాడు.

దత్తమండలాలు అన్న పేరు ఎలా వచ్చిందో రెండు మాటలు. టిప్పుతో జరిగిన యుద్ధాల తర్వాత పంపకాల్లో బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు నిజాం వాటాకు వెళ్ళాయి. తన రక్షణకు కంపెనీ పెట్టిన సైన్యం ఖర్చు కింద నిజాం 1800 అక్టోబరు ఒప్పందంలో వాటిని కంపెనీకి ఇచ్చేశాడు. నిజాం ‘దత్తం’ చేశాడు కాబట్టి దత్తమండలాలు. మనల్ని అడిగి ఇచ్చింది కాదు, అందుకే ఆ పేరు మనవాళ్ళకు రుచించలేదు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అన్న పేరు పెట్టారు.

కర్నూలు నవాబు చేతిలోనే ఉండేది కాబట్టి అందులో లేదు. మిగతా ప్రాంతమంతటికీ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరు, కింద నలుగురు సబార్డినేట్ కలెక్టర్లు. జనం ఇరవై లక్షలకు కాస్త తక్కువ. అనంతపురం ఆయన మకాం. అయితే అనంతపురం జిల్లా అప్పటికి పుట్టలేదు. 1808లో దత్తమండలాలు బళ్ళారి, కడప అని రెండు జిల్లాలయ్యాయి, 1882లో బళ్ళారి నుంచి అనంతపురం విడిపోయింది.

ఆయన వచ్చేనాటికి ఇక్కడ ఎనభై మంది పాలెగాళ్ళు, వాళ్ళ దగ్గర దాదాపు ముప్పై వేల మంది ఆయుధాలున్న బంట్లు ఉన్నారు. విజయనగరం పడిపోయిన తర్వాత రెండు వందల ఏళ్ళకు పైగా ఎవరి కోట వాళ్ళది, ఎవరి వసూలు వాళ్ళది. ఒకే ఊరి రైతు సర్కారుకు కొంత, పాలెగాడికి కొంత, దారిన పోయే సైన్యానికి కొంత ఇచ్చుకునేవాడు. పాలెగాళ్ళలో చెరువులు తవ్వించినవాళ్ళు, గుళ్ళు నిలబెట్టినవాళ్ళు ఉన్నారు. పక్క ఊరి పశువులను తోలుకుపోయినవాళ్ళూ ఉన్నారు. అందర్నీ ఒకే గాటన కట్టి మాట్లాడితే చరిత్ర కాదు.

మన్రో పద్ధతి మాత్రం ఒక్కటే. కోట ఖాళీ చెయ్యి, బంట్లను పంపించెయ్యి, సర్కారు నిర్ణయించిన పేష్కష్ (కప్పం) కట్టు, లేదా భరణం తీసుకుని కూర్చో. ఒప్పుకోనివాళ్ళ మీదికి జనరల్ డుగాల్డ్ క్యాంప్‌బెల్ సైన్యం వెళ్ళింది. తెర్నేకల్లు ఊరు ఎదురు తిరిగితే దాని మీదికీ సైన్యాన్నే దించారు. ఇందులో దాచాల్సిందేమీ లేదు. ఏడాదిన్నరలో సీమలో కోటలన్నీ నోరు మూసుకున్నాయంటే అది మంచి మాటలతో జరిగిన పని కాదు. పాలెగాళ్ళ మీద ఆయన చూపిన కాఠిన్యాన్ని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు.

ఆ భరణాన్నే మన పక్క తవర్జీ అంటారు. మన్రో పోయిన ఇరవై ఏళ్ళకు అదే తవర్జీ దగ్గర నిప్పు రాజుకుంది. నొస్సం పాలెగాళ్ళ వంశంతో సంబంధమున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి వచ్చే భరణం నెలకు పదకొండు రూపాయల పది అణాల చిల్లర. బంధువుల వాటాలు పోయినప్పుడు అవి తనకు రావాలని అడిగితే సర్కారు ఇవ్వలేదు. 1846లో తిరగబడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. మన్రో వేసిన పునాదిలో ఉన్న పగులు అది. కాలేజీలో మీకు చెప్పిన మాటకు ఆధారం ఇక్కడుంది.

ఇక శిస్తు. 1802 నుంచి మన్రో దత్తమండలాలను కొలిపించాడు. మొదట నలుగురే సర్వేయర్లు, తర్వాత వందకు చేరారు. ముప్పై మూడు అడుగుల గొలుసు. ఆ గొలుసు పొడవు, అంతే వెడల్పు ఉన్న చదరాలు నలభై అయితే ఒక ఎకరా. తెలంగాణలో ఇప్పటికీ అనే గుంట లెక్క సరిగ్గా అంతే, 33 అడుగుల చదరం. మా సర్వీసులో చైన్‌మన్ గొలుసు విదిలించి గట్టుమీద పరిచినప్పుడు వచ్చే ఆ చప్పుడు విన్న ప్రతిసారీ నాకు ఈ సర్వే గుర్తుకొచ్చేది.

కొలత అయ్యాక మదింపు వాళ్ళు వచ్చేవాళ్ళు. ఊరి రెడ్డి, కరణం, పెద్ద రైతులు పక్కనుండగా ప్రతి చేనూ చూసి మెట్టా, తరీ (నీటి వసతి ఉన్న మాగాణి), తోట భూమా అని విడదీయడం, మట్టి రేగడా ఎర్రనేలా, ఎంత బలం ఉంది అని తరగతులు కట్టడం వాళ్ళ పని. సాగులో లేని బీడును కూడా కొలిచి రాశారు. కొలిచినవాడి మీద ఒక తనిఖీ, మదింపు చేసినవాడి మీద ఇంకో తనిఖీ. ఊరి మొత్తం ఎంత వచ్చిందో చూసి, పాత వసూళ్ళతో పోల్చి, ఎక్కువనిపిస్తే కలెక్టరు చివర్లో సవరించేవాడు. ఇదంతా అయ్యాక రైతుకు తన పేరు, తన చేను, తన శిస్తు ఉన్న పట్టా చేతికొచ్చింది. అంతకు ముందు కరణం కవిలెకట్టలో ఏముందో రైతుకు తెలిసే దారి లేదు. ‘నువ్వు కట్టాల్సింది ఇంత’ అని సర్కారు కాగితం మీద రాసి ఇవ్వడం చిన్న విషయం కాదు. కాగితం లేని రైతు ఆఫీసు గుమ్మం ముందు ఎంత బెదిరిపోతాడో నేను ముప్పై ఏళ్ళు కళ్ళారా చూశాను.

ఇంతవరకూ బాగుంది. రైతుకు బరువు పడింది రేటు దగ్గర. సర్వే ప్రకారం కట్టిన శిస్తు మొత్తం పంటలో సుమారు 45 శాతానికి సమానం. విత్తనం, ఎద్దులు, కూలి, అప్పుమీద వడ్డీ పోగా మిగిలేదాంట్లో కాదు, మొత్తం పంటలో. పైగా ‘రైతుకీ సర్కారుకీ మధ్య ఎవరూ లేరు’ అన్న మాటలో ఒక మెలిక ఉంది. ఒక రైతు కట్టలేకపోతే ఆ లోటును ఊళ్ళో మిగతా రైతులు వాళ్ళ శిస్తు మీద పది శాతం దాకా అదనంగా వేసుకుని పూడ్చాలి. పక్కవాడి బావి ఎండితే మన జేబుకు చిల్లు పడినట్టే కదా. చేను వదులుకుని పోయే స్వేచ్ఛ కూడా ఆ రోజుల్లో రైతుకు నిజంగా లేదు, దున్నమని ఒత్తిడి ఉండేది.

ఏడేళ్ళలో దత్తమండలాల ఆదాయం సుమారు 4 లక్షల పౌండ్ల నుంచి 6 లక్షల పౌండ్లకు పెరిగింది. మధ్యలో 1803-04లో కరువు కూడా వచ్చింది. పాలెగాళ్ళ దోపిడీ ఆగడం, వదిలేసిన చేలు తిరిగి సాగులోకి రావడం ఆ పెరుగుదలకు కొంత కారణం. కంపెనీ యుద్ధాలకు డబ్బు కావాలని మద్రాసు నుంచి పడిన ఒత్తిడి మరో కారణం. వసూళ్ళు త్వరగా పెంచితే పైవాళ్ళు మెచ్చుకుంటారని, అది రైతుకు చేటని మన్రోకు బాగా తెలుసు. తెలిసీ వసూలు చేశాడు.

అయితే, వసూలు చేసిన మనిషే దాన్ని ఎక్కువని రాశాడు. 1807 ఆగస్టు 15న రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదికలో, ఈ సర్వే శిస్తు మీద అన్ని భూములకూ 25 శాతం తగ్గించాలని, బావులూ చెరువుల కింద తోట సాగుచేసే భూములకు దానిపైన ఇంకో 8 శాతం కలిపి మొత్తం 33 శాతం తగ్గించాలని కోరాడు. పంటలో మూడోవంతుకు మించి సర్కారు తీసుకుంటే రైతుకు భూమి సొంత ఆస్తి అన్న భావం రాదని, అమ్ముకోవడానికి విలువ ఉండదని ఆయన వాదన. బీడు దున్నుకునే స్వేచ్ఛ, వద్దనుకున్న చేను ఏడాది చివర వదులుకునే స్వేచ్ఛ రైతుకు ఉండాలని కూడా రాశాడు. తన చేతులతో కట్టిన అంకెను తానే తప్పని పైకి రాసిన కలెక్టర్లు ఏ కాలంలోనైనా తక్కువే. శిస్తు మాఫీకి సిఫారసు రాస్తే పైనుంచి ఎలాంటి మెమోలు వస్తాయో తెలిసినవాడిగా ఈ నివేదికను నేను గౌరవంతో చదువుతాను.

నివేదిక పంపి, సెలవు మీద స్వదేశం వెళ్ళిపోయాడు. మద్రాసు ప్రభుత్వం తగ్గించలేదు. తగ్గించకపోగా పద్ధతినే మార్చేసింది. 1808 నుంచి ఊళ్ళను మూడేళ్ళ గుత్తకు, ఆ తర్వాత పదేళ్ళ గుత్తకు ఇచ్చారు. గుత్త పాడింది చాలాచోట్ల ఊరి రెడ్లే. వానలు సరిగ్గా పడని నేలలో, ఎక్కువ రేటుకు కట్టిన శిస్తు మీద వచ్చిన గుత్తలవి. చాలామంది చితికిపోయారు, కొందరు జైళ్ళకు వెళ్ళారు. కింది రైతును గుత్తదారు పిండుకున్నాడు. దత్తమండలాల పల్లెలు నిజంగా నలిగింది ఆ రోజుల్లోనే.

1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాక, గుత్త గడువులు ముగిసిన చోటల్లా రైతువారీ మళ్ళీ పెట్టారు. 1807లో ఆయన అడిగిన తగ్గింపు అప్పుడు అమలైంది, మెట్టకూ తరికీ 25 శాతం, తోట భూములకు 33 శాతం. కావాలంటే చేను పట్టుకోవచ్చు, వద్దంటే వదిలెయ్యొచ్చు అన్న స్వేచ్ఛ కూడా వచ్చింది. నేను మొదట్లో చెప్పిన పదమూడేళ్ళు ఇవే. పదమూడేళ్ళపాటు రెండు జిల్లాల రైతులు, తప్పని కలెక్టరే రాసిన శిస్తును కట్టారు. ఒక్క కలంపోటుతో పావువంతు భారం తగ్గిన ఆ ఏడాది మీ ముత్తాత ఇంట్లో, మా ఇంట్లో ఏమనుకుని ఉంటారో ఊహించండి. బిడ్డకు మన్రోలప్ప అని పేరు పెట్టుకోవడం నాకు వింతగా తోచదు.

మధ్యలో ఆయన ఏం చేశాడో కాస్త త్వరగా చెబుతాను. 1813లో కంపెనీ చార్టరు మీద పార్లమెంటు విచారణలో సాక్ష్యం చెప్పాడు. ఇంగ్లండు సరుకు ఇండియాలో బాగా అమ్ముడుపోతుందా అని అడిగితే, ఇండియావాళ్ళకు కావాల్సినవి వాళ్ళ దగ్గరే మెరుగ్గా ఉన్నాయన్నాడు. నాగరికతే రెండు దేశాల మధ్య సరుకైతే దిగుమతి వల్ల లాభపడేది ఇంగ్లండే అని కూడా అన్నాడు. 1814లో పెళ్ళి చేసుకుని, న్యాయ వ్యవస్థను సరిచేసే కమిషన్‌కు అధ్యక్షుడిగా మద్రాసు వచ్చాడు. 1816 రెగ్యులేషన్లు ఆ పని ఫలితం. మెజిస్ట్రేటు అధికారం జడ్జి నుంచి కలెక్టరుకు రావడం, ఊరి పెద్దకు గ్రామ మునసబుగా చిన్న వ్యాజ్యాలు తీర్చే హక్కు, గ్రామ పంచాయతీలు అప్పటివే. కలెక్టరు చేతిలో వసూలూ, పోలీసూ, దండించే అధికారం మూడూ చేరడం రైతుకు మేలేనా అంటే నాకు అనుమానమే. శిస్తు అడిగేవాడే శిక్ష వేసేవాడైతే రైతు ఎవరితో మొరపెట్టుకుంటాడు? ఈ విషయంలో మన్రో తన లాంటి కలెక్టర్లే అన్ని చోట్లా ఉంటారని అనుకున్నాడు, ఉండలేదు.

1817-18లో మరాఠా యుద్ధం వస్తే మళ్ళీ కత్తి పట్టి, చేతిలో కొద్దిపాటి సైన్యంతో బాదామి, బెళగావి, షోలాపూర్ కోటలు తీసుకున్నాడు. ఆ పేరుతోనే ‘సర్’ బిరుదు, గవర్నరు పదవి వచ్చాయి. తూటాల సంచి మీద తలపెట్టుకుని పడుకున్న కేడెట్ నలభై ఏళ్ళకు అదే మద్రాసుకు గవర్నరయ్యాడు.

గవర్నరుగా ఆయన చేసిన పనుల్లో నాకు బాగా ఇష్టమైనది బడుల లెక్క. మన పల్లెల్లో చదువు ఎంతుందో తెలియకుండా మన చదువు గురించి మాట్లాడుతున్నామని, 1822 జూన్‌లో అన్ని జిల్లాల కలెక్టర్లనూ బడుల వివరాలు పంపమన్నాడు. మొత్తం మద్రాసు ప్రెసిడెన్సీలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. జనాభా కోటీ 28 లక్షలు. ఇళ్ళలో చదువుకునేవాళ్ళు ఆ లెక్కలో లేరని మన్రోయే రాశాడు.

మన బళ్ళారి జిల్లా నివేదికను కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ రాశాడు, తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఆయనే. జిల్లాలో 533 బడులు. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. ఇంగ్లీషు బడి ఒక్కటే. అయిదేళ్ళు నిండిన పిల్లవాడిని మంచిరోజు చూసి బడిలో వేయడం, ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించడం, అన్నీ వివరంగా ఉన్నాయి. జనం పేదవాళ్ళయిపోయి బడులు మూతపడుతున్నాయని, మన నేతగాళ్ళ బట్టకు బదులు ఇంగ్లండు బట్ట రావడం అందుకు ఒక కారణమని క్యాంప్‌బెల్ నిర్మొహమాటంగా రాశాడు. ఇది కంపెనీ కలెక్టరు కంపెనీకి రాసిన మాట. ఈ లెక్కల ఆధారంగా తాలూకాకొక బడి పెట్టాలని మన్రో 1826 మార్చిలో ప్రతిపాదించాడు. ఆయన పోయాక ఆ పథకం పదేళ్ళు కూడా నిలవలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే బొమ్మ పూర్తికాదు. దేశీయులను పెద్ద ఉద్యోగాల్లోకి తీసుకోవాలని, ఒక జాతినంతా దిగజార్చే పాలన కన్నా ఇంగ్లీషువాళ్ళు ఈ దేశం నుంచి వెళ్ళగొట్టబడటమే మేలని రాసిన మన్రోయే, 1822లో పత్రికలకు స్వేచ్ఛ ఇవ్వకూడదని గట్టిగా రాశాడు. స్వేచ్ఛగల పత్రికలు, పరాయివాళ్ళ ఏలుబడి ఒక చోట ఇమడవన్నాడు. తమది పరాయి ఏలుబడి అని ఆయనకు స్పష్టంగా తెలుసు. ఏదో ఒక రోజు ఈ దేశస్థులు తమ ప్రభుత్వం తామే నడుపుకుంటారని, అందాకా తాము ఉంటామని కూడా రాశాడు. ఆ రోజు ఎప్పుడన్నది మాత్రం తమ చేతుల్లోనే పెట్టుకున్నాడు.

1826 నాటికి ఇంటికి వెళ్ళిపోవాలని ఆయన కోరిక. చిన్న కొడుక్కి జబ్బు చేస్తే భార్య పిల్లవాడిని తీసుకుని ఆ ఏడాది మార్చిలో ఓడెక్కింది. బర్మా యుద్ధం వల్ల ఆయన ప్రయాణం ఆలస్యమైంది. వెళ్ళేముందు దత్తమండలాలను ఒకసారి చూడాలని 1827 మే చివర్లో మద్రాసు నుంచి బయల్దేరాడు. ఎండాకాలం, దారిలో కలరా. జూలై 4న గుత్తి చేరేసరికే వెంట ఉన్న సిపాయిల్లో కలరా సోకింది. అయినా ఆగకుండా 6వ తేదీకి పత్తికొండ వెళ్ళారు. ఆ రోజు పొద్దున ఆయనకే వచ్చింది. డేరాలో తన చుట్టూ కూర్చున్నవాళ్ళను చూసి, జబ్బున్న చోట మిమ్మల్ని ఉంచడం న్యాయం కాదు, బయటికి వెళ్ళమన్నాడు. వాళ్ళు వెళ్ళలేదు. మధ్యాహ్నం కాస్త తేరుకున్నట్టు కనిపించి, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ప్రాణం వదిలాడు. వయసు అరవై ఆరు. మర్నాడు గుత్తికి తీసుకెళ్ళి కోట కింది శ్మశానంలో పాతిపెట్టారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి మార్చారు.

మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం దగ్గర మన్రోకు కనిపించి మాట్లాడారని, తర్వాత ఆయన మఠం ఇనాం నిలబెట్టాడని చెప్పుకుంటారు. తిరుమలలో పొంగలి నైవేద్యానికి ఆయన పేరుమీద మన్రో గంగాళం ఉంది. కడప దగ్గర గండి లోయలో పాపఘ్ని మీద శ్రీరాముడు కట్టిన బంగారు తోరణం ఆయనకు కనిపించిందని, అది చావు దగ్గరపడినవాళ్ళకే కనిపిస్తుందని ఇంకో కథ. ఆయనను మాండవ్య ఋషి అనడం కూడా విన్నాను. ఈ కథలు నిజమా అబద్ధమా అని నేను తేల్చను. ఇవన్నీ పుట్టింది శిస్తు తగ్గిన నేలలోనే అన్నది మాత్రం గమనించండి. పాలెగాళ్ళ కోటలు కూలిన ఊళ్ళలో వేరే పాటలు ఉన్నాయి, అవి కూడా మనవే.

చూడటానికి వెళ్తానన్నారు కాబట్టి ఒక మాట. మద్రాసులో గుర్రం మీది విగ్రహాన్ని అందరూ చూస్తారు. చాంట్రీ అనే ఇంగ్లీషు శిల్పి చేసిన ఆ విగ్రహంలో గుర్రానికి జీనూ రికాబులూ లేవు. మీరు ముందు గుత్తి వెళ్ళండి. కోట కింద ఆయనను మొదట పాతిపెట్టిన చోటు చూసి, అక్కడి నుంచి పత్తికొండ చేరుకోండి. ఆయన పోయిన చోట సర్కారు ఒక తోపు నాటించి, మెట్లబావి తవ్వించింది. సీమలో ఒక మనిషి గుర్తుగా బాటసారికి నీళ్ళు పెట్టడం కన్నా పెద్దది లేదని తవ్వించినవాళ్ళకు ఎవరో చెప్పే ఉంటారు. మీ ఇంట్లో ముత్తాతగారి పాత పట్టా ఏదైనా ఉంటే వెంట తీసుకెళ్ళండి. అందులో శిస్తు కాలమ్ ఎంత ఉందో నాకు రాయండి, మెట్టా తరీ విడదీసి చూద్దాం.